ఉన్ని వడికే కిట్: రంగులు బాగున్నాయి, ఇచ్చిన ఉన్నే సరైంది కాదు

పోయిన జనవరిలో ఆన్‌లైన్లో కొన్న ఒక కిట్ గురించి రాస్తున్నాను. ఉన్నికి ఇంట్లోనే రంగు వేసుకుని, చేత్తో వడికి దారం చేసుకునే కిట్. కొన్న వారానికే రాసి ఉంటే కోపంలో ఒక్క స్టార్ ఇచ్చేసేదాన్ని. పది నెలలుగా దాంతోనే కూర్చున్నాక కిట్‌లో లోపం ఏదో, నాకు అప్పటికి రానిది ఏదో విడివిడిగా తెలిసింది. అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు. ఇలాంటి కిట్లు ఇంకా చాలామంది అమ్ముతున్నారు, బొమ్మలు చూస్తే అన్నిట్లోనూ దాదాపు ఇవే వస్తువులు కనిపిస్తున్నాయి కాబట్టి ఎవరి దగ్గర కొనబోతున్నా ఇది పనికొస్తుంది.

మేం ఉండేది న్యూజెర్సీలో. నాకు అల్లిక ముందే వచ్చు, ఎనిమిదేళ్ళుగా టోపీలు, స్వెటర్లు అల్లుతున్నాను. షాపులో కొన్న ఊలు ఉండలతో అల్లీ అల్లీ, అసలు ఈ దారం దారంగా ఎలా మారుతుందో నా చేతులతో చూడాలనిపించింది. కిట్ 58 డాలర్లు. డబ్బాలో 100 గ్రాముల తెల్ల మెరినో ఉన్ని, ఒక చెక్క కదురు, ఎరుపు, నీలం, పసుపు రంగు పొడులు ఒక్కోటి 5 గ్రాముల డబ్బీలో, ఎలా చెయ్యాలో రాసిన మడత కాగితం ఒకటి. అంతే.

ఆ ఉన్నిని రోవింగ్ అంటారు. మణికట్టు లావున, చుట్టలు చుట్టిన మెత్తటి తాడులాగా ఉంటుంది. మనకి దీనికి మాట ఎప్పటినుంచో ఉంది, ఏకు. ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు అంటామే, ఆ ఏకే. మన దూది ఏకు జానెడు కూడా ఉండదు, ఇది మీటర్ల కొద్దీ సాగుతుంది, తేడా అంతే. ఇంకో చిన్న సంగతి కూడా చెప్పాలి, తర్వాత దీని అవసరం ఉంది. ఏకిన ఉన్ని వేరు, దువ్విన ఉన్ని వేరు. ఏకినదాంట్లో పోచలు అటూ ఇటూ అల్లుకుని ఉంటాయి, దువ్వినదాంట్లో జడ వేసే ముందు జుట్టులాగా అన్నీ ఒకే దిక్కున పడుకుని ఉంటాయి. రెండో రకాన్ని నిజానికి టాప్ అనాలి, కానీ షాపులవాళ్ళు చాలామంది రెండిటినీ రోవింగ్ అనే అమ్ముతారు. కిట్‌లో వచ్చింది దువ్విన ఉన్ని.

ముందు రంగు గురించి. నేను మొదట నష్టపోయింది ఇక్కడే.

ఆ కాగితంలో ఏం రాశారంటే, నీళ్ళు మరిగించి రంగు కలపండి, ఉన్ని వెయ్యండి, ఐదు నిమిషాలు కలుపుతూ ఉడికించండి, తీసి చల్లటి నీళ్ళ కింద కడగండి. నేను అక్షరం తప్పకుండా అలాగే చేశాను. 30 గ్రాముల ఉన్ని బూట్లలో వేసుకునే అట్టలాగా బిగిసి గట్టిపడి బయటికొచ్చింది. లాగితే ఒక్క పోచ కూడా ఊడి రాలేదు. ఎందుకలా అయిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. ఉన్ని పోచ మీద చేప పొలుసుల్లాంటి పొలుసులుంటాయి. వేడినీళ్ళలో అవి విచ్చుకుంటాయి, ఆ సమయంలో కలిపినా, వేడి నుంచి చల్లటికి ఒక్కసారిగా మార్చినా ఒకదానికొకటి పట్టేసి ఇక విడిపోవు. ఫెల్ట్ గుడ్డ చేసేది సరిగ్గా ఈ పద్ధతిలోనే. అంటే రంగు వెయ్యడానికని రాసిన కాగితంలో ఫెల్ట్ చేసే విధానం ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ చేతికి ఇచ్చే కాగితం మీద ఇంత అజాగ్రత్తగా ఎలా రాస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, పోయింది డబ్బొక్కటే కాదు, నాకిది చేతకాదేమో అనుకుని పదిహేను రోజులు ఆ డబ్బా మళ్ళీ తెరవలేదు.

నేను ఇప్పుడు చేసే పద్ధతి ఇది, దీంతో ఒక్కసారి కూడా ఉన్ని పాడవలేదు. ఉన్నిని గోరువెచ్చటి నీళ్ళలో రెండు చుక్కలు అంట్లు తోమే లిక్విడ్ వేసి అరగంటకు తగ్గకుండా నానబెట్టాలి, నొక్కకూడదు, దానంతట అది మునగాలి. పెద్ద స్టీలు గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పోసి రంగు కలుపుకోవాలి. 100 గ్రాముల ఉన్నికి 1 గ్రాము పొడి వేస్తే నిండు రంగు వస్తుంది, పావు గ్రాము వేస్తే లేత రంగు. తర్వాత నిమ్మ ఉప్పు, 100 గ్రాములకి ఒక టీస్పూన్‌కి కాస్త తక్కువ. ఇవి యాసిడ్ రంగులు, పులుపు లేకపోతే ఉన్నికి పట్టవు. కాగితంలో అసలు పులుపు మాటే లేదు! వెనిగర్ కూడా పనిచేస్తుంది గానీ ఇల్లంతా వాసన, నిమ్మ ఉప్పు ఇండియన్ స్టోర్లో దొరుకుతుంది, వాసన ఉండదు. అప్పుడు ఉన్నిని నెమ్మదిగా దించి, చిన్న మంట మీద అరగంట పట్టేలా వేడి పెంచాలి. ఆవిరి వస్తూ ఉండాలి కానీ తెర్లకూడదు, థర్మామీటర్ ఉంటే 85 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరో అరగంట ఉంచండి. గరిటె పెట్టి కలపొద్దు, మరీ అయితే ఒకసారి అడుగు నుంచి మెల్లగా పైకి ఎత్తి వదలండి. పొయ్యి ఆపేశాక అదే నీళ్ళలో రాత్రంతా వదిలెయ్యాలి.

పొద్దున లేచి చూస్తే రంగు మొత్తం ఉన్నిలోకి వెళ్ళిపోయి గిన్నెలో నీళ్ళు మామూలు నీళ్ళలా తేటగా ఉంటాయి. నేను ఇప్పటికి పదిహేనుసార్లకి పైగా వేసి ఉంటాను, ప్రతిసారీ ఆ నీళ్ళని గాజు గ్లాసులోకి తీసి వెలుతురులో పట్టుకుని చూస్తాను. చేతికంటిన రంగు మూడు రోజులు పోదు, గిన్నెలో నీళ్ళలో మాత్రం రంగు జాడ ఉండదు. అది ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

జాగ్రత్తలు కూడా చెప్పేస్తాను. పొడి మూత తీసేటప్పుడు మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి, ఆ పొడి చాలా తేలిక, గాలికి లేచి ముక్కులోకి పోతుంది. రంగు వేసిన గిన్నె, గరిటె మళ్ళీ వంటకి వాడకూడదు, మా ఇంట్లో ఆ గిన్నె గరాజ్‌లోనే ఉంటుంది. ఈ మాట కూడా కాగితంలో లేదు, పిల్లలతో చేసుకోవచ్చు అని మాత్రం డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉంది. పిల్లలతో చెయ్యాలనుకుంటే కూల్ ఎయిడ్ వాడండి, నీళ్ళలో కలుపుకుని తాగే రంగు పొడి, చక్కెర లేని చిన్న ప్యాకెట్లు. అందులో నిమ్మ ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి వేరే పులుపు అక్కర్లేదు, తాగేదే కాబట్టి భయం లేదు, ఉన్నికి బ్రహ్మాండంగా పడుతుంది.

మన పసుపు వెయ్యొచ్చా అని మా చెల్లి అడిగింది. వెయ్యొచ్చు, మొదటి రోజు కళ్ళు చెదిరే రంగు వస్తుంది. కానీ ఎండ తగిలితే వెలిసిపోతుంది, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే ఇదీ. ఉల్లిపొట్టు పసుపు కంటే చాలా నయం, పటిక వేసి ఉడకబెట్టిన ఉన్నికి ఉల్లిపొట్టు నీళ్ళు బంగారు రంగునిస్తాయి.

ఇక కిట్‌లో వచ్చిన రంగులు. ఇవి నిజంగా మంచివి. మూడు డబ్బీల్లో 15 గ్రాములంటే నిండు రంగు వేసినా కిలోన్నర ఉన్నికి వస్తాయి, కిట్‌లో ఇచ్చింది 100 గ్రాములు. తర్వాత జాక్వార్డ్ కంపెనీ యాసిడ్ రంగులు కూడా కొన్నాను, అవీ ఇవీ ఒకే పద్ధతిలో పనిచేస్తాయి, కిట్ రంగులు వాటికేం తీసిపోలేదు. ఎరుపు, నీలం కలిపి వంకాయ రంగు చేద్దామనుకున్నాను. ఎరుపు త్వరగా పట్టేసింది, నీలం నిదానంగా వచ్చింది. దాంతో మధ్యలో వంకాయ రంగు, ఒక అంచున తొడిమ దగ్గర లేతగా ఉండే ఊదా, ఇంకో అంచున దానిమ్మ గింజ ఎరుపు. ఒకే రంగు సమానంగా రావాలనుకునేవాళ్ళకి ఇది లోపంగా అనిపించొచ్చు, అలాంటివాళ్ళు పులుపు ముందే వెయ్యకుండా ఉన్ని రంగునీళ్ళని బాగా పీల్చుకున్నాక వేస్తే సమానంగా వస్తుంది. నాకు మాత్రం ఆ విడిపోయిన రంగే నచ్చింది.

వడకడం దగ్గర నాకు పెద్ద కష్టమొచ్చింది. కదురు పుల్లకి పైన బిళ్ళ, దాని మీద కొక్కెం. పోగు కొక్కేనికి తగిలించి, కదురుని వేళ్ళతో తిప్పి గాల్లో వదిలితే అది బొంగరంలా తిరుగుతూ కిందికి దిగుతుంది, ఆ లోపల మనం పైనున్న ఏకుని సన్నగా సాగదీస్తూ ఉండాలి, పురి పైకెక్కి ఆ పోచల్ని దారం చేస్తుంది. వినడానికి సులువే. నా కిట్‌లో బిళ్ళ మధ్యలో చిల్లు కాస్త పక్కకి ఉంది, కదురు వణుకుతూ నాలుగు చుట్లు తిరిగి ఆగి వెనక్కి తిరిగేది. పురంతా విప్పుకుని పోగు తెగి కదురు నేల మీద పడేది. నేను నెలన్నర రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక అరగంట కూర్చున్నాను, మూరెడు కంటే పొడుగు పోగు ఒక్కటీ రాలేదు. ఏడుపొచ్చిన రోజులున్నాయి.

జూన్‌లో మా అత్తయ్య వచ్చారు. ఆవిడది పొందూరు దగ్గర పల్లె, 74 ఏళ్ళు. చిన్నప్పుడు బడిలో తకిలీతో, అంటే చేతి కదురుతో, నూలు వడికే పీరియడ్ ఉండేదట, వాళ్ళ అమ్మగారు దూదిని వాలుగ చేప దవడతో దువ్వి ఏకులు చేసేవారట. పెళ్ళయి పదకొండేళ్ళైనా నాకు ఈ సంగతి తెలియదు, ఎప్పుడూ మా మధ్య ఆ మాట రాలేదు. సోఫా పక్కన బుట్టలో కదురు చూసి చేతిలోకి తీసుకుని, "ఏటమ్మాయ్, తకిలీ ఇక్కడికెలా వచ్చింది?" అన్నారు.

నేను చేసి చూపించాను, ఎప్పటిలాగే తెగి పడింది. ఆవిడ ఏకుని వేళ్ళ మధ్య రుద్ది చూసి, "సబ్బులాగ జారిపోతంది ఇది, పట్టు లేదు. ఇలాంటిదానికి పురి బాగా ఎక్కాల. గాల్లో వదిలీకు, కూకొని తిప్పు" అన్నారు. వంటింట్లోంచి చిన్న స్టీలు గిన్నె తెప్పించుకుని, కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కదురు మొన గిన్నెలో ఆనించి తిప్పారు. ఎడమ చెయ్యి మెల్లగా పైకి లేస్తూ పోయింది, వేళ్ళ సందులోంచి వంకాయ రంగు పోగు, సన్నగా, ఎక్కడా ఉండ లేకుండా. ఆవిడ తకిలీ పట్టి అరవై ఏళ్ళు దాటింది. ఆ చెయ్యి ఎక్కడా తడబడలేదు. నేను పక్కన కూర్చుని ఊపిరి బిగబట్టి చూశాను.

దూది పోచ దాదాపు అంగుళం ఉంటుంది. అంత పొట్టి పోచతో వడికే సన్నటి పోగు కదురు బరువుకి తెగుతుంది కాబట్టే మనవాళ్ళు తకిలీ మొనని గిన్నెలోనో పళ్ళెంలోనో ఆనిస్తారు. మెరినో పోచ దాదాపు మూడు అంగుళాలు, కానీ చాలా సన్నం, నున్నన, పైగా దువ్వినది, అన్నీ ఒకే దిక్కున ఉండేసరికి చటుక్కున జారి విడిపోతాయి. పురి సరిపడా ఎక్కకముందే కదురు వదిలేస్తే తెగక ఏం చేస్తుంది. మెరినో మంచి ఉన్నే, మెడకి గుచ్చుకోదు, కానీ మొదటిసారి కదురు పట్టే చేతికి ఇవ్వాల్సింది కాదు.

అందుకని కొరిడేల్ ఉన్ని 200 గ్రాములు కొన్నాను. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో మెరినో, లింకన్ జాతుల్ని కలిపి తయారుచేసిన గొర్రె ఇది, పోచ పొడుగు, కాస్త లావు, వేళ్ళకి పట్టు దొరుకుతుంది. నేను కొన్నది ఆష్‌ఫర్డ్ వాళ్ళది, న్యూజిలాండ్‌లో ఆష్‌బర్టన్ ఊళ్ళో 1934లో మొదలై రాట్నాలు చేస్తున్న కంపెనీ. కదురు కూడా మార్చాను, కొలరాడోలో బౌల్డర్‌లో చేసే షాక్ట్ వాళ్ళ హై లో కదురు, బిళ్ళ పైకి పెట్టుకున్నా కిందికి పెట్టుకున్నా తిరుగుతుంది, వణుకు లేదు. మొదటి సాయంత్రమే గజాల కొద్దీ పోగు వచ్చింది. నెలన్నర నేను పడ్డ కష్టం ఈ రెండు మార్పులతో తీరిపోయింది. ఒక్కటే గుర్తుపెట్టుకోండి, రెండు చేతుల మధ్య దూరం పోచ పొడుగు కంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే ఒకే పోచని రెండు కొసల్లో పట్టుకుని లాగుతున్నట్టు, ఎంత బలం పెట్టినా సాగదు. కొత్తలో కదురు తిప్పి, పురి ఎక్కాక మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, అప్పుడు తీరిగ్గా సాగదీసుకోవచ్చు, హడావిడి లేదు.

తర్వాతి పని పోగులు పేనడం. వడికేటప్పుడు కుడివైపు తిప్పితే, రెండు పోగులు కలిపి పేనేటప్పుడు ఎడమవైపు తిప్పాలి, అప్పుడే పురి సమానమై దారం మెలికలు పడకుండా ఉంటుంది. దాన్ని లడిగా చుట్టి (నేను కుర్చీ వీపుకి చుడతాను) నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చటి నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టి, పిండకుండా టవల్లో నొక్కి ఆరేయాలి. దాంతో పురి కుదురుకుంటుంది. కట్టడం మర్చిపోతే చిక్కు తియ్యడానికి ఒక ఆదివారం పోతుంది. కిట్ కాగితం వడకడంతోనే ఆగిపోయింది, పేనడం గురించి, నానబెట్టడం గురించి ఒక్క ముక్క లేదు.

అక్టోబర్ మూడో వారాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలో రైన్‌బెక్ ఊళ్ళో ఉన్ని సంత జరుగుతుంది, అత్తయ్యని తీసుకెళ్ళాను. రకరకాల గొర్రెలు, కడగని ఉన్ని మూటలు, కదుర్లు, రాట్నాలు. మీకు వీలుంటే కొనేముందు అలాంటి చోటికి వెళ్ళి కదురు చేత్తో తిప్పి చూసుకోండి, బొమ్మ చూసి కొన్నదానికీ దీనికీ చాలా తేడా. అత్తయ్య ఒక నల్ల ఉన్ని మూట దగ్గర ఆగి చాలాసేపు చెయ్యి తియ్యలేదు, గొంగడి గుర్తొచ్చిందన్నారు. తెలంగాణలో చదివేవాళ్ళు ఎవరైనా ఇది ఇంట్లో మొదలుపెట్టాలనుకుంటే, మన దక్కనీ గొర్రెల ఉన్ని ఉంది, కురుమలు దాన్ని వడికి, నేసి, చింతగింజల గంజి పెట్టి గొంగళ్ళు చేస్తారు. ముతక ఉన్ని, మెడ మీదకి పనికిరాదు, నల్లటిదానికి రంగు కనపడదు, కానీ కూర్చునే చాపకో సంచికో చాలా గట్టిది.

ఇప్పుడు కిట్ లెక్క. రంగులకి ఐదుకి ఐదు. ఉన్ని నాణ్యతకి నాలుగు, కానీ కొత్తవాళ్ళ కిట్‌లో పెట్టినందుకు ఒకటి. కదురుకి ఒకటిన్నర. కాగితానికి సున్నా, అది చదివి ఎంతమంది ఉన్ని పాడుచేసుకుని మానేశారో తలుచుకుంటే బాధగా ఉంది. మొత్తం మీద రెండున్నర స్టార్లు. అమ్మినవాళ్ళకి రెండుసార్లు మెయిల్ రాశాను, పులుపు సంగతీ, చల్లటి నీళ్ళ సంగతీ కనీసం కాగితంలో మార్చండని. మొదటిదానికి థాంక్స్ అని జవాబొచ్చింది, పోయిన వారం చూస్తే అదే కాగితం బొమ్మ ఇంకా ఉంది. ఆ 58 డాలర్లు దీనికి పెట్టే బదులు కొరిడేల్ ఉన్ని, తిన్నగా తిరిగే కదురు ఒకటి, ఒక రంగు డబ్బీ విడివిడిగా కొనుక్కోండి, డబ్బు కాస్త ఎక్కువైనా చేతులు త్వరగా నేర్చుకుంటాయి. మూడు రంగుల కోసం తాపత్రయపడకండి, ఒక్కటి చాలు.

కొరిడేల్‌కి పసుపు రంగులో చిటికెడు నీలం వేసి చిలకాకుపచ్చ చేశాను. దాంతో అత్తయ్యకి మఫ్లర్ అల్లాను, నవంబర్‌లో ఎయిర్‌పోర్టుకి అదే వేసుకుని వెళ్ళారు. ఆ వంకాయ రంగు మెరినోలో ఆవిడ వడికింది పోను మిగిలినది, చెయ్యి కుదిరాక ఇప్పుడు నేనే గిన్నెలో మొన ఆనించి వడికాను. రెండూ కలిపి పేనితే 30 గ్రాములకి 90 గజాలు వచ్చింది. దారంలో ఆవిడ పోగు ఎక్కడ చూసినా ఒకే సన్నం, నాది మధ్యమధ్యలో లావెక్కి ఉంటుంది, ఆ లావైన చోట్లే దానిమ్మ ఎరుపు బాగా కనపడుతోంది. ఇంకా దాన్ని దేనికీ వాడలేదు.